పాత కట్టడంలో కొత్త కళ

ప్రపంచంలో పేరున్న సమకాలీన కళా మ్యూజియంలలో చాలావాటి భవనాలు కళ కోసం కట్టినవి కావు. లండన్‌లోది ఒకనాటి విద్యుత్ కేంద్రం, మాడ్రిడ్‌లోది ఆసుపత్రి, బెర్లిన్‌లోది రైల్వే స్టేషను, వెనిస్‌లోది ఓడల సరుకు మీద సుంకం వసూలు చేసిన కచేరీ, కేప్‌టౌన్‌లోది ధాన్యం గాదె, ముంబైలోది సభామందిరం. కట్టిన పని ఆగిపోయాక కొన్నేళ్లో కొన్ని దశాబ్దాలో తాళం పడి ఉండి, చివరకు బొమ్మలకూ శిల్పాలకూ ఇళ్లయ్యాయి. దీన్ని కొందరు వారసత్వ రక్షణ కథగా చెబుతారు, కొందరు వాస్తుశిల్పి నేర్పుగా చెబుతారు. రెండింటిలోనూ నిజముంది. అంతగా చర్చకు రానిది ఇంకొకటుంది: ఈ భవనాలు తమలోకి వచ్చిన కళ తీరునే మార్చాయి. హాలు పెద్దదైతే అందులో పెట్టే కృతీ పెద్దదైంది. గోడకు మేకు కొట్టకూడదంటే కృతి గోడ దిగి నేలమీదికో, పైకప్పుకో చేరింది.

రాజభవనాన్ని మ్యూజియం చేయడం పాత అలవాటే. పారిస్‌లోని లూవ్ర్ ప్రాసాదం 1793 ఆగస్టు 10న ప్రజలకు తలుపులు తెరిచింది. అక్కడ ఇంటికీ సామానుకూ పొత్తు కుదిరింది. రాజుల గోడల మీద రాజులు కూడబెట్టిన చిత్రాలే వేలాడాయి. సమకాలీన కళకు అలాంటి పుట్టిల్లు లేదు. 20వ శతాబ్దం మధ్యకల్లా దాన్ని కిటికీల్లేని తెల్లగోడల గదిలో, పైనుంచి పడే సమమైన వెలుగులో చూపించడం ఆచారమైపోయింది. ఐర్లండ్‌లో పుట్టిన విమర్శకుడు బ్రయన్ ఓడోహర్టీ 1976లో వరసగా రాసిన వ్యాసాల్లో ఈ 'తెల్ల పెట్టె'ను పట్టుకుని నిలదీశాడు. ఆ గది తటస్థంగా కనిపిస్తుందే తప్ప, లోపల పెట్టిన ప్రతిదాన్నీ పవిత్రవస్తువుగా మార్చేస్తుందన్నది అతని వాదం.

అదే ఏడాది న్యూయార్క్‌లో ఆ వాదానికి ఆచరణ లాంటిది జరిగింది. క్వీన్స్ ప్రాంతంలో 19వ శతాబ్దం చివర కట్టి, వాడకం లేక వదిలేసిన ఒక ప్రభుత్వ పాఠశాలను అలానా హైస్ అనే నిర్వాహకురాలు తీసుకుని, 'రూమ్స్' అనే ప్రదర్శనతో పి.ఎస్.1 అనే కళాస్థలంగా తెరిచింది. పెచ్చులూడిన గోడలకు సున్నం కూడా వేయించలేదు. తరగతి గదులే కాక బాయిలర్ గది, అటక, మెట్ల మలుపులు కూడా కళాకారులకు ఇచ్చేసింది. గోర్డన్ మట్టా-క్లార్క్ అంతస్తుల నేలలను ఒకదాని కింద ఒకటిగా కోసి వదిలాడు. ఏ తెల్ల గదిలోనూ ఆ పని చేయనివ్వరు.

ఈ ధోరణికి భవనాలు దొరకడం వెనక రెండు కారణాలున్నాయి. మొదటిది కూల్చివేతల మీద పుట్టిన కోపం. న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా స్టేషనును 1963లో కూల్చడం మొదలుపెట్టాక, 1965లో ఆ నగరం చారిత్రక కట్టడాల రక్షణకు చట్టం తెచ్చుకుంది. పారిస్‌లో ఇనుముతో, గాజుతో కట్టిన లే ఆల్ అంగడి మండపాలు 1971లో నేలమట్టమయ్యాక వచ్చిన నిరసన, తర్వాత ఓర్సే స్టేషనును కాపాడింది. రెండో కారణం ఆర్థికం. పడమటి దేశాల్లో మిల్లులు మూతపడ్డాయి. కంటైనర్ ఓడలు రావడంతో పాత రేవుల దగ్గరి గోదాములు పనిలేనివయ్యాయి. నగరాల నడిబొడ్డున విశాలమైన, దృఢమైన, ఎవరికీ అక్కర్లేని కట్టడాలు మిగిలాయి. అదే సమయంలో కళాకారులు గోడకు తగిలించే చిత్రాన్ని దాటి, ఇనుప పలకలు, నియాన్ దీపాలు, మట్టిదిబ్బలతో పనిచేయసాగారు. ఒకరికి చోటు కావాలి, ఇంకొకరి చేతిలో చోటు మిగిలిపోయింది.

ఏ కట్టడమైనా ఈ పనికి ఒక్కలాగే ఒదుగుతుందనుకోకూడదు. కర్మాగారం, గోదాము, విద్యుత్ కేంద్రం వంటివి సులువు: స్తంభాల మధ్య దూరం ఎక్కువ, బరువైన యంత్రాలను మోసిన నేల, లారీ పట్టే తలుపు. రాజభవనాలు, హవేలీలు కష్టం: గదులు చిన్నవి, గోడల నిండా అలంకారం. చర్చి, ఆసుపత్రి, జైలు లాంటివాటికి జ్ఞాపకాల బరువు అదనం.

కష్టమైనవాటిలోనే మంచి ఫలితాలు కొన్ని వచ్చాయి. ఇటలీలో టురిన్ దగ్గరున్న రివోలి కోట సవోయ్ రాజవంశపు నివాసం. 18వ శతాబ్దంలో ఫిలిప్పో యువార్రా వేసిన పెద్ద నమూనా ప్రకారం పని మొదలై, సగంలోనే ఆగిపోయింది. వాస్తుశిల్పి ఆంద్రేయా బ్రూనో దాన్ని మరమ్మతు చేసినప్పుడు యువార్రా వదిలేసిన సగాన్ని పూర్తిచేయలేదు. మొండి గోడలను మొండిగానే ఉంచి, తాను చేర్చిన ఉక్కు, గాజు భాగాలు వేరుగా కనబడేలా కట్టాడు. 1984 డిసెంబరులో అది సమకాలీన కళా మ్యూజియంగా తెరుచుకుంది. లోపలి గదుల్లో పైకప్పు నిండా వర్ణచిత్రాలు, గోడల అంచుల్లో సున్నపు పూలపని. అక్కడ మామూలు చిత్రపటం వెలవెలబోతుంది. మౌరిత్సియో కటెలాన్ 1997లో 'నొవెచెంతో' పేరుతో నిజమైన గుర్రపు తోలులో కూరుడు నింపి గుర్రంలా మలిచి, అలంకరించిన ఒక పైకప్పు నుంచి తోలుపట్టీలతో వేలాడదీశాడు. కాళ్లు మామూలు కంటే పొడవుగా నేల వైపు సాగి ఉంటాయి, తల వాలిపోయి ఉంటుంది. గుర్రాల మీద ఊరేగిన రాజుల ఇంట్లో కాక ఇంకో తెల్ల గదిలో దాన్ని తగిలిస్తే సగం అర్థం పోతుంది.

మాడ్రిడ్‌లో రీనా సోఫియా మ్యూజియం కథ మరోరకం. 18వ శతాబ్దంలో ఫ్రాంచెస్కో సబాటిని రూపకల్పనలో లేచిన ఆ పెద్దాసుపత్రి 1965లో మూతపడింది. కూల్చేస్తారన్న దశ దాటి 1977లో జాతీయ స్మారకమైంది. మందపాటి గోడలు, ఎత్తైన కమాను కప్పులు, నడవా చుట్టూ నడవా. జనం పెరిగితే పైకి తీసుకెళ్లడానికి లిఫ్టులు కావాలి, లోపల పెడితే కమానులు కోయాలి. కాబట్టి లిఫ్టులను భవనం వెలుపల గాజు గోపురాల్లో నిలిపారు. 1992లో పికాసో 'గెర్నికా' ఇక్కడికి చేరింది. యుద్ధంలో నలిగిన శరీరాల చిత్రానికి పాత ఆసుపత్రి వార్డుల భవనం దొరకడం కేవలం కాకతాళీయం. అయినా ఆ కలయిక చూసేవారి మీద పనిచేయకుండా ఉండదు.

బెర్లిన్‌లోని హాంబుర్గర్ బాన్‌హోఫ్ స్టేషనుగా పనిచేసింది 1884 దాకానే. 1906 నుంచి రవాణా మ్యూజియంగా ఉండి, యుద్ధం తర్వాత నగరం రెండు ముక్కలైనప్పుడు విచిత్రమైన స్థితిలో చిక్కుకుంది: స్థలం పడమటి బెర్లిన్‌లో, యాజమాన్యం తూర్పు జర్మనీ రైల్వేది. దశాబ్దాల పాటు తాళం తీసినవారు లేరు. వాస్తుశిల్పి యోసెఫ్ పాల్ క్లైహ్యూస్ చేతిలో మారి 1996లో కళా మ్యూజియంగా మళ్లీ తెరుచుకుంది.

ఈ అంశాన్నంతటినీ ఒకే చోట చూడాలంటే లండన్ బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రాన్ని చూడాలి. ఎర్ర టెలిఫోన్ బూత్ రూపశిల్పి సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ దీనికి రూపకర్త. 1947 నుంచి 1963 వరకు రెండు విడతల్లో కట్టారు. ఉక్కు చట్రానికి వెలుపల ఇటుక తొడుగు, దాదాపు 42 లక్షల ఇటుకలు, నడుమ 99 మీటర్ల పొగగొట్టం. చమురు ధరలు పెరగడంతో 1981లో మూతపడింది. టేట్ కళాసంస్థ 1994లో ఆ స్థలాన్ని మ్యూజియం కోసం ఎంచుకుంది. అప్పటికి పెద్దగా పేరులేని స్విస్ జంట హెర్జోగ్, డి మ్యూరాన్ పోటీలో నెగ్గారు. వారి ప్రతిపాదనలో ముఖ్యమైనది చేసిన పని కాదు, చేయకుండా వదిలిన పని. యంత్రాలు తీసేశాక మిగిలిన టర్బైన్ హాలు 155 మీటర్ల పొడవు, 23 మీటర్ల వెడల్పు, 35 మీటర్ల ఎత్తు. దాన్ని అంతస్తులుగా చేసి గదులు నింపాలన్న ఆశ ఏ యజమానికైనా పుడుతుంది. వారు దాన్ని ఖాళీగానే ఉంచి, పడమటి ద్వారం నుంచి లోపలికి దిగే పెద్ద వాలు కట్టారు. యంత్రాలు ఎత్తిన పాత క్రేన్లను తీసేయలేదు. పైకప్పు మీద మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా గాజుపెట్టె ఒకటి చేర్చారు. ఖర్చు 13 కోట్ల 40 లక్షల పౌండ్లు. 2000 మే 12న జనానికి తెరిచారు. ఏడాదికి 20 లక్షల మంది వస్తారనుకుంటే, తొలి ఏడాదే 50 లక్షల మంది వచ్చారు.

ఆ ఖాళీ హాలు కళాకారులకు ఒక సవాలుగా నిలిచింది. అనీష్ కపూర్ 2002లో మూడు ఉక్కు వలయాల మధ్య ముదురెరుపు పొరను హాలు పొడవునా సాగదీశాడు. 2003లో ఓలాఫుర్ ఎలియాసన్ పసుపు దీపాలు, పొగమంచు, పైకప్పు నిండా అద్దాలతో కృత్రిమ సూర్యుణ్ణి నిలిపితే జనం నేలమీద వెల్లకిలా పడుకుని పైన తమ నీడలను చూసుకున్నారు. 2010లో ఐ వైవై చైనాలోని జింగ్‌డెజెన్ కుమ్మరుల చేత చేయించిన 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలను పరిచాడు. జనం తొక్కుతుంటే ధూళి లేచి ఆరోగ్యానికి చేటని కొద్ది రోజులకే వాటి మీద నడక ఆపేశారు. 2007లో కొలంబియా కళాకారిణి డోరిస్ సాల్సెడో చేసిన పని మరీ గట్టిది. హాలు కాంక్రీటు నేలలో ఆ కొస నుంచి ఈ కొసకు 167 మీటర్ల పగులు తెరిచింది. ప్రవేశం దగ్గర వెంట్రుకంత సన్నగా మొదలై, పోనుపోను వంకరలు తిరుగుతూ వెడల్పై, ఒకచోట కాలు ఇరుక్కునేంత లోతు. ప్రదర్శన ముగిశాక పూడ్చేశారు గాని, పూడ్చిన గీత నేలమీద ఇప్పటికీ కనిపిస్తుంది. భవనాన్ని గాయపరచడమే కృతి అయిన చోట, భవనం ఎక్కడ ఆగి కళ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

అయితే ఈ భారీతనానికి మూల్యమూ ఉంది. అంత హాలు నింపాలంటే డబ్బు కావాలి, డబ్బుకు కార్పొరేట్ ప్రాయోజకులు కావాలి. చిన్న కాగితం మీద పెన్సిలుతో పనిచేసే కళాకారుడికి అక్కడ పిలుపు రాదు. షాంఘైలో 165 మీటర్ల పొగగొట్టం ఉన్న నాన్షి విద్యుత్ కేంద్రాన్ని 2012లో పవర్ స్టేషన్ ఆఫ్ ఆర్ట్‌గా తెరిచినప్పుడూ పరిస్థితి ఇదే. కర్మాగారపు కొలత కళకు కొలతైపోయింది.

నిర్మాణ పరంగా అసలు చిక్కు గోడలోని తేమ. తెలుగు నేల మీది కోటలకూ దేవిడీలకూ వాడిన డంగు సున్నం గానీ, ఐరోపాలోని సున్నపు అడుసు గానీ గాలి పీల్చి వదిలే పదార్థాలు. వానకు తడి పీలుస్తాయి, ఎండకు వదిలేస్తాయి. కళాకృతులకు మాత్రం తేమలో హెచ్చుతగ్గులు పనికిరావు. ఆరుబయట ఉక్కగా ఉండి లోపల ఏసీ చల్లగా ఆడుతుంటే, ఆవిరి గోడ మధ్యలో చల్లబడి నీరవుతుంది. దాని మీద సిమెంటు పూతో ప్లాస్టిక్ రంగో వేస్తే నీరు బయటపడే దారి మూసుకుపోయి, ఉప్పు లేచి పెచ్చులూడతాయి. చాలాకాలం మ్యూజియంలు 50 శాతం తేమకు అటూ ఇటూ 5 శాతం మించకూడదని పట్టుబట్టేవి. పాత భవనంలో అది సాధించాలంటే భారీ యంత్రాలు, వాటి గొట్టాలకు గోడల్లో కంతలు. గత దశాబ్దంలో పెద్ద మ్యూజియంల డైరెక్టర్ల బృందమైన బీజో గ్రూపు ఈ పట్టు సడలించి, చాలా రకాల వస్తువులకు 40 నుంచి 60 శాతం తేమ, 16 నుంచి 25 డిగ్రీల వేడిమి చాలునంది. కరెంటు ఆదా కోసం తెచ్చిన మార్పు పాత గోడలకు మేలు చేసింది.

వెలుగు రెండో చిక్కు. కాగితం, బట్టల మీది పనికి 50 లక్స్, తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ దాటనివ్వరు. ఫ్యాక్టరీ కిటికీల నుంచి దానికి ఎన్నో రెట్లు పడుతుంది. సాధారణంగా కిటికీలు మూసేస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని డియా బీకన్ ఎదురుదారి పట్టింది. 1929లో బిస్కట్ల కంపెనీ నబిస్కో పెట్టెలు అచ్చువేయడానికి కట్టిన ఆ భవనానికి ఉత్తరం వైపు తిరిగిన గాజు పైకప్పులున్నాయి. కళాకారుడు రాబర్ట్ ఇర్విన్ సలహాతో 2003లో తెరిచినప్పుడు ఎక్కువగా పగటి వెలుగు మీదే ఆధారపడ్డారు. చలికాలంలో పొద్దు త్వరగా గుంకుతుంది కాబట్టి సందర్శన వేళలూ కుదించుకుంటాయి. ఉక్కు, అల్యూమినియం శిల్పాలు వెలుగుకు చెడవు కాబట్టి అది అక్కడ సాధ్యమైంది.

బరువు సంగతీ ఉంది. నివాసపు గది నేలను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారానికి లెక్కేస్తే, ప్రదర్శనశాలకు 400 నుంచి 500 కిలోలు కావాలి. హవేలీ పై అంతస్తు దూలాల మీద ఇనుప శిల్పం పెట్టడం జూదమే.

ఈ చిక్కులన్నిటికీ ఎక్కువమంది పట్టిన మందు ఒక్కటే: గదిలో గది. పాత గోడకు జానెడు దూరంలో కొత్త గోడ నిలిపి, మధ్యలో గొట్టాలు, తీగలు దాచడం. పాత గోడ భద్రంగా ఉంటుంది, కళకూ తెల్ల గోడ దొరుకుతుంది. కానీ లోపల నిలబడ్డవారికి పాత భవనం కనబడదు. అప్పుడు దాన్ని ఎందుకు కాపాడినట్టు?

స్మారకాల రక్షణ మీద 1964లో వచ్చిన వెనిస్ ఒప్పందం ఇలాంటి మార్పులకు కొన్ని హద్దులు గీసింది. స్మారకాన్ని సమాజానికి పనికొచ్చే పనికి వాడటం మంచిదే గాని, దాని నమూనా, అలంకారం మారకూడదు. కొత్తగా చేర్చింది కొత్తదని తెలియాలి. ఆస్ట్రేలియాలో 1979లో వచ్చిన బర్రా ఒప్పందం కట్టడానికి ఇమిడే వాడకం వెతకమంది. అక్షరాలా పాటిస్తే ఏ విద్యుత్ కేంద్రమూ మ్యూజియం కాలేకపోయేది. ఆచరణలో ప్రతి కట్టడం దగ్గరా బేరం జరుగుతుంది. ఇంగ్లండ్‌లో గేట్స్‌హెడ్‌లోని బాల్టిక్ పిండిమిల్లు లోపల వందకు పైగా కాంక్రీటు గాదెలుండేవి. వాటన్నిటినీ తీసేసి, ఉత్తర దక్షిణాల ఇటుక గోడలు మాత్రం మిగిల్చి 2002లో మ్యూజియం తెరిచారు. పని పోయింది, ముఖం మిగిలింది.

కేప్‌టౌన్‌లో రూపశిల్పి థామస్ హెదర్‌విక్ ఆ తప్పు చేయకూడదనుకున్నాడు. 1924లో పూర్తయి 57 మీటర్ల ఎత్తున నిలిచిన ధాన్యపు గాదెలో ఒకదానికొకటి అంటుకున్న 42 కాంక్రీటు గొట్టాలున్నాయి. ఒక్కొక్కటి 33 మీటర్ల ఎత్తు, ఐదున్నర మీటర్ల వ్యాసం. మొక్కజొన్న గింజను స్కాన్ చేసి, ఆ ఆకారాన్ని పది అంతస్తులంత పెంచి, గొట్టాల గుత్తి మధ్యలోంచి తొలిచారు. గొట్టాల గోడలు పలచన, కోస్తే కూలతాయి. అందుకే ముందు లోపల కొత్త కాంక్రీటు పొర పోసి, రెండూ కలిసి గట్టిపడ్డాక రంపంతో కోశారు. కోసిన అంచును నున్నగా చేస్తే పాత కాంక్రీటులోని గులకరాళ్లు తేలాయి. 2017 సెప్టెంబరులో అది జైట్స్ మోకా మ్యూజియంగా తెరుచుకుంది. నడిమి మండపం అద్భుతం. దాని చుట్టూ ఉన్న 80 ప్రదర్శన గదులు మాత్రం మళ్లీ తెల్ల పెట్టెలే.

మన దేశంలో ఈ ప్రయోగం స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే మొదలైంది. జైపూర్ మహారాజు కోసం ఆర్థర్ బ్లూమ్‌ఫీల్డ్ రూపకల్పనలో 1936లో ఢిల్లీలో కట్టిన జైపూర్ హౌస్‌లో 1954 మార్చి 29న జాతీయ ఆధునిక కళా మ్యూజియాన్ని ప్రారంభించింది నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో పరుచుకున్న ఆ నివాసం విందులకు కట్టింది. నిల్వ గదులకూ, పెద్ద కృతులకూ చాలక 2009లో కొత్త విభాగం చేర్చాల్సి వచ్చింది. అదే ఏడాది బెంగళూరులో మాణిక్యవేలు భవంతిలో సంస్థ శాఖ తెరుచుకుంది. అక్కడా పాత ఇల్లు, పక్కన కొత్త విభాగం, నడుమ చెట్లు.

ముంబై శాఖ మరింత సాహసం చేసింది. గేట్‌వే ఆఫ్ ఇండియా శిల్పి జార్జ్ విటెట్ కట్టిన కావస్‌జీ జహంగీర్ హాలు 1911 నాటిది. రాజకీయ సభలకూ సంగీత కచేరీలకూ పేరుమోసి, తర్వాత ఆదరణ తగ్గి పెళ్లి విందులకూ తోలు సామాన్ల అమ్మకాలకూ అద్దెకు దిగింది. వాస్తుశిల్పి రోమీ ఖోస్లా దాని రాతి వెలుపలిని ముట్టుకోకుండా, లోపల అర్ధవలయాకారపు అంతస్తులను మెట్లతో కలుపుతూ గుమ్మటం దాకా లేపాడు. 1996లో తెరిచారు. మెట్లెక్కుతూ ప్రదర్శన చూడటం బాగుంటుంది; వంపు తిరిగిన గోడ మీద పెద్ద చిత్రం తగిలించాల్సినవారికే తలనొప్పి.

కొచ్చి మరో దారి చూపింది. మిరియాలు, కొబ్బరినూనె, పీచు వర్తకం చేసిన ఆస్పిన్‌వాల్ కంపెనీ ప్రాంగణంలో 2012 డిసెంబరు 12న కొచ్చి-ముజిరిస్ బినాలే అనే కళోత్సవం మొదలైంది. శాశ్వత సేకరణ లేదు, వానలు వెనకబట్టిన చలికాలపు నెలల్లోనే ప్రదర్శన. తేమతో యుద్ధం చేయక, తేమ తక్కువుండే రుతువును ఎంచుకున్నారు. మన వాతావరణానికీ మన ఖజానాలకూ ఇదే తగిన నమూనా అనిపిస్తుంది. అయితే ఏ నమూనాకైనా ముందు భవనం మిగలాలి. హైదరాబాద్‌లో ఇర్రం మంజిల్ అనే పాత ప్రాసాదాన్ని కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. కూల్చవద్దనడం వరకే న్యాయస్థానం పని. ఆ తర్వాత భవనంలో ఏం జరగాలన్నది చెప్పాల్సినవారు వేరు.

మ్యూజియం వస్తే ఊరు బాగుపడుతుందన్న మాట పాక్షికంగానే నిజం. అమెరికాలోని నార్త్ ఆడమ్స్‌లో స్ప్రేగ్ ఎలక్ట్రిక్ కంపెనీ 1985లో వెళ్లిపోయాక ఖాళీ అయిన మిల్లు ప్రాంగణంలో 1999లో మాస్ మోకా తెరుచుకుంది. సందర్శకులు వచ్చారు, హోటళ్లు వచ్చాయి. ఒకప్పుడు వేలమందికి దొరికిన ఫ్యాక్టరీ కొలువులు మాత్రం ఆ సంఖ్యలో రాలేదు. లండన్‌లో ఇబ్బంది తిరగబడింది. బ్యాంక్‌సైడ్ చుట్టూ స్థలాల ధరలు పెరిగి గాజుగోడల ఖరీదైన ఇళ్లు లేచాయి. 2016లో టేట్ కొత్త విభాగం పైన జనం నాలుగు వైపులా చూసేందుకు వరండా తెరిస్తే, వారి చూపులు తమ గదుల్లో పడుతున్నాయని ఆ ఇళ్లవాళ్లు కోర్టుకెక్కారు. 2023 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు వారి వైపే తీర్పిచ్చింది.

మార్పిడి జరిగిన భవనానికి అదే చివరి మజిలీ అన్న హామీ లేదు. ఇస్తాంబుల్ మోడరన్ 2004లో రేవు గోదాములో మొదలైంది. రేవు ప్రాంతాన్ని తిరిగి కట్టే పనిలో ఆ గోదామును కూల్చేశారు, 2023లో అదే చోట రెంజో పియానో కట్టిన కొత్త భవనం తెరుచుకుంది. సంపన్నుడు ఫ్రాన్స్వా పినో నడిపే మ్యూజియంలలో రెండింటిని చూస్తే, వాటికీ గడువుంది. 17వ శతాబ్దపు వెనిస్ సుంకపు కచేరీని నగరం 33 ఏళ్లకు, పారిస్ పాత ధాన్యపు అంగడిని అక్కడి నగరం 50 ఏళ్లకు ఇచ్చింది. రెండింటికీ వాస్తుశిల్పి తడావో ఆండో. పారిస్‌లో గాజు గుమ్మటం కింద 9 మీటర్ల ఎత్తు, 29 మీటర్ల వ్యాసమున్న కాంక్రీటు వలయాన్ని పాత గోడలకు ఎడంగా నిలిపాడు. అవసరమైతే తీసేయగలిగేలా కట్టాడు. 2021 మేలో తెరిచినప్పుడు దాని మధ్యలో ఉర్స్ ఫిషర్ మైనపు శిల్పాలు వెలిగించి పెట్టారు. ప్రదర్శన ముగిసేలోగా అవి కొవ్వొత్తుల్లా కరిగి నేలకు దిగాయి.